ముందు సీటు

సోమవారం పొద్దున బీరన్న తాళం తిప్పగానే మీటరులో ఎర్ర బొమ్మ వెలిగింది. కూర్చున్న మనిషి, అతని పొట్ట ముందు పెద్ద బంతి. ఎయిర్‌బ్యాగ్ గుర్తు అది. తాళం తిప్పినప్పుడు రోజూ వెలుగుతుంది, నాలుగైదు లెక్కపెట్టేలోపు ఆరిపోతుంది. ఆరిపోవాలి. బీరన్న పెదవులు కదుపుతూ పది దాకా లెక్కపెట్టాడు. ఆరలేదు. మీటరు అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టి చూశాడు. బంతి పట్టుకున్న మనిషి కదలకుండా అట్లాగే కూర్చుని ఉన్నాడు.

నెల రోజుల్లో ఇది నాలుగోసారి. వెనకటి మూడుసార్లూ నాగరాజు సేటుకు చెప్పాడు. చిట్యాలలో నాగరాజుకు కిరాయికి తిరిగే కార్లు మూడున్నాయి. అందులో అన్నిటికంటే పాతది, తెల్లది, బీరన్న చేతికిచ్చింది. చెప్పినప్పుడల్లా మెకానిక్కు ఐలేశం షెడ్డులో స్కానర్ పెట్టి ఆ లైటును తుడిచేసేవారు. రెండు రోజులు బాగుండేది. మూడో రోజు ఏ గుంత దగ్గరో మళ్లీ వెలిగేది.

ఎనిమిదికి ముందే చిట్యాల ఫ్లైఓవర్ కింద కారు ఆపాడు. నలుగురు టీచర్లు అక్కడ ఎక్కి మోత్కూర్ బడికి పోతారు. ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకునే పద్ధతి వచ్చాక వాళ్లకు బస్సు కుదరడం మానేసింది. బస్సు ఎక్కితే బడి మొదలైన అరగంటకు గాని దిగరు. అందుకే అందరూ కలిసి నెలవారీగా కారు మాట్లాడుకున్నారు. పెద్దాయన రామచంద్రయ్య సారు లెక్కల టీచరు. ఎడమ కిటికీ పక్కన కూర్చుని బడి దాకా గడియారం చూసుకుంటూనే ఉంటాడు. నడుమ కొత్తగా వచ్చిన అక్షిత. కుడి పక్కన శ్యామలమ్మ. ముందు సీటు శ్రీవాణిది. ఆమెకు ఏడో నెల. వెనక కూర్చుంటే రామన్నపేట దాటేలోపే వాంతి అవుతుంది. సెలవు మొత్తం కాన్పు తర్వాతకు దాచుకుందామని ఆమె ఇంకా బడికి వస్తున్నది.

ఆమె ముందు కూర్చున్న మొదటి రోజే బెల్టు సంగతి వచ్చింది. పెట్టుకుంటే పొట్ట మీద నొక్కుతుందని ఆమె తీసేసింది. తీసేయగానే కారు కీకీమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. బీరన్న బండి పక్కకు ఆపి దిగి, బెల్టును ఆమె వీపు వెనక నుంచి తిప్పి, సీటుకు ఆనించి లాక్‌లో దిగేశాడు. మోత ఆగిపోయింది. తెలివంటే బీరన్నదేనని రామచంద్రయ్య సారు మెచ్చుకున్నాడు. శ్రీవాణి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ రోజంతా బీరన్నకు ఏదో మంచి పని చేసినట్టే ఉంది. అప్పటి నుంచి ఆ బెల్టు సీటు వెనకనే ఉండిపోయింది.

ఈ సోమవారం ఎర్ర బొమ్మను శ్రీవాణి కూడా చూసింది. అదేందని అడిగింది. సాయంత్రం షెడ్డులో చూపిస్తానని చెప్పాడు.

సాయంత్రం షెడ్డులో నాగరాజు కూడా ఉన్నాడు. ఐలేశం స్టీరింగు కింద స్కానర్ వైరు దూర్చి, దాని తెర చూసి, నాగరాజు ముఖం చూశాడు. తర్వాత డ్రైవరు సీటు కిందికి చేయి పోనిచ్చి చుట్టిపెట్టిన నల్ల గొంగడిని బయటికి లాగాడు. టీచర్లు బడిలో ఉన్నంతసేపూ బీరన్న దాన్ని చెట్టు నీడన పరుచుకుని నడుము వాలుస్తాడు. సీటు కింద పసుపుపచ్చ వైరు ఉంటుందని, గొంగడి రాసుకుని అది కదులుతున్నదని, అందుకే లైటు వస్తున్నదని ఐలేశం చెప్పాడు. చెప్పేటప్పుడు బీరన్న వైపు చూడలేదు.

"కారనుకున్నవా, గొర్ల దొడ్డనుకున్నవా?" అన్నాడు నాగరాజు. "మీ ఇంటి వాసనంత తెచ్చి నా బండ్ల పెడితివి. ఇగ లైటు రాకుంటే ఏమొస్తది?"

టైరు విప్పుతున్న ఇద్దరు నవ్వారు. బీరన్న గొంగడిని దులిపి, నాలుగు మడతలు వేసి భుజాన వేసుకున్నాడు. తప్పు తనదేనేమో. అనుకోకుండా ఉండలేకపోయాడు. మనిషిని ఎక్కించుకుని పోయే బండి. తన పడక కోసం దాన్ని చెడగొట్టాడేమో.

ఇంటి దగ్గర భార్య గుర్వమ్మ గొర్రెపిల్లలకు ఆకు కడుతున్నది. గొంగడి ఎందుకు మోసుకొచ్చావని అడిగింది.

"బండికి పడతలేదంట."

"గొంగడి పడని బండి గూడ ఉంటదా? మనిషి పడతడా మరి?" అంది గుర్వమ్మ. బీరన్న గొంగడిని దండెం మీద వేసి కాళ్లు కడుక్కున్నాడు.

మంగళవారం ఎర్ర బొమ్మ వేళకు ఆరిపోయింది. బీరన్నకు సంతోషం, సిగ్గు రెండూ కలిగాయి. ఆ మధ్యాహ్నం చెట్టు కింద వట్టి నేల మీదనే పడుకున్నాడు. బుధవారం పొద్దున రామన్నపేట దాటాక తెగిన రోడ్డు మీద ముందు చక్రం దిగబడి లేచింది. లేచేసరికి మీటరులో మనిషి బంతి పట్టుకుని కూర్చున్నాడు.

టీచర్లు బడిలోకి పోయాక బీరన్న తలుపు తెరిచి, నేల మీద వెల్లకిలా పడుకుని, ఫోను వెలుగులో సీటు కిందికి చూశాడు. పసుపు వైరు దాని గూట్లో గట్టిగా కూర్చుని ఉంది. వేలితో కదిపి చూశాడు. కదల్లేదు. సీటు కింద గొంగడి లేదు, గొంగడి ఉన్నిపోగు కూడా లేదు. లేచి వీపు దులుపుకున్నాడు. సోమవారం షెడ్డులో నవ్విన నవ్వు ఇప్పుడు చెవుల్లో వినిపించింది.

ఆ సాయంత్రం నాగరాజుకు చెప్పాడు. గొంగడి లేకున్నా లైటు వచ్చిందని మాత్రం ఒత్తి చెప్పాడు. నాగరాజు ఫోనులో ఎవరితోనో కిరాయి మాట్లాడుతూ, కారును షెడ్డులో వదిలి ఇంటికి పొమ్మని చేత్తోనే సైగ చేశాడు.

గురువారం పొద్దున షెడ్డు ముందు తాళం తిప్పి బీరన్న అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి దగ్గరే ఆగిపోయాడు. మీటరులో నూనె గుర్తు వెలిగింది, బ్యాటరీ గుర్తు వెలిగింది, హ్యాండ్‌బ్రేకు గుర్తు వెలిగింది. ఎర్ర మనిషి వెలగనేలేదు. తాళం తీసి మళ్లీ తిప్పాడు. మూడోసారీ తిప్పాడు. ఇన్నాళ్లూ ఆరవలసింది ఆరలేదని తండ్లాడాడు. ఇప్పుడు వెలగవలసిందే వెలగలేదు. మందలో దగ్గే గొర్రె గురించి అతను ఎన్నడూ అంతగా ఫికర్ చేసేవాడు కాదు. చప్పుడు లేకుండా మూలకు పోయి నిలబడ్డదాని దగ్గరికే ముందు పోయేవాడు.

ఆ రోజు బండిని ఎంత మెల్లగా నడిపాడంటే, కారు తోలుతున్నవా, తొట్టెల ఊపుతున్నవా అని రామచంద్రయ్య సారు ఎత్తిపొడిచాడు. లైటు పోయింది, బాగయిందా అని శ్రీవాణి అడిగింది. బీరన్న గేరు ఇంకా తగ్గించాడు.

సాయంత్రం వాళ్లను దింపి నేరుగా షెడ్డుకు పోయాడు. ఐలేశం ఒక్కడే ఉన్నాడు, సబ్బుపొడితో మోచేతుల దాకా రుద్దుకుంటున్నాడు. బీరన్న కారు ఆపి దిగి, నీళ్ల డ్రమ్ము దగ్గరికి వచ్చి, మగ్గుతో అతని చేతుల మీద నీళ్లు పోశాడు. పోస్తూనే అడిగాడు.

"లైటు బుగ్గ పీకినవా?"

ఐలేశం చేతులు రుద్దుకోవడం ఆపాడు. "సేటు పీకమన్నడు మామా."

"లైటు ఎందుకొస్తాందో గది చెప్పు."

ఐలేశం చేతులు తుడుచుకుని కారు దగ్గరికి వచ్చి, శ్రీవాణి కూర్చునే సీటు ఎదుట, డ్యాష్‌బోర్డు మీద వేలితో ఒక గీత చూపించాడు. నున్నటి నలుపు మీద సన్నటి అతుకు. నాగరాజు కొనకముందే ఈ కారు దేనికో గుద్దుకుంది. అప్పుడే ఎయిర్‌బ్యాగులు రెండూ పేలిపోయాయి. కొత్తవి పెట్టకుండా మూతలు అతికించి అమ్మారు. బ్యాగు ఉండాల్సిన చోట వైరుకు ఒక చిన్న ముక్క తగిలించారు. ఆ ముక్క ఉన్నంతసేపు బ్యాగు ఉన్నదనే బండి అనుకుంటుంది. గుంతల్లో ముక్క కదిలినప్పుడల్లా లైటు వస్తుంది.

"సేటుకు ఎర్కనా?"

"కొన్ననాడే చెప్పిన. రెండూ లేవు, పెట్టియ్యమన్న. తర్వాత సూద్దాం అన్నడు."

బీరన్న అతుకు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి దిగింది. అంచు పట్టి లాగితే మూత పటుక్కున ఊడి వచ్చింది. లోపల పాత సీటు కవరు గుడ్డలు ఉండచుట్టి కుక్కి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఏడు నెలల పొట్టకు ఎదురుగా ఉన్నవి ఈ గుడ్డలే.

"మరి నా గొంగడి?" అన్నాడు.

ఐలేశం నేల చూశాడు. "సేటు ముంగట ఏదో ఒకటి చెప్పాలె గద మామా."

బీరన్న ఇంకేదో గుర్తొచ్చినట్టు వంగి, సీటు వెనక తాను దిగేసిన బెల్టును లాక్ నుంచి విడిపించాడు. బెల్టు గుణం అతనికి తెలుసు. మెల్లగా గుంజితే వస్తుంది, ఒక్కసారి గుంజితే పట్టుకుంటుంది. పొట్టేలు తాడును గుంజినట్టు మణికట్టు తిప్పి ఒక్క గుంజు గుంజాడు. పట్టుకోలేదు. ఇంకోసారి గుంజాడు. బావిలోకి వదిలిన చేదలా జారుకుంటూ వచ్చి ఆఖరి దాకా వచ్చేసింది. బ్యాగులు పేలినప్పుడు బెల్టులు కూడా పాడయ్యాయని, పాత ఇనుప సామాను కొట్టులో దొరికినవి తెచ్చి బిగించారని ఐలేశం మెల్లగా చెప్పాడు.

బెల్టు ఆమె ముందు ఉండి ఉంటే ఏదో ఒక రోజు, ఏదో ఒక బ్రేకుకు, అది పట్టుకోవడం లేదని తెలిసిపోయేదేమో. మోత ఆపడానికి వెనకకు తిప్పి దిగేసింది తనే. నాగరాజు బుగ్గ పీకించాడు. తను బెల్టు నోరు మూశాడు. చేసిన పని రెండు చోట్లా ఒకటే. జారిన బెల్టును బీరన్న చేతులతో మెల్లగా వెనక్కి వదిలాడు. తర్వాత ఊడిన మూతను మళ్లీ నొక్కి పెట్టాడు.

శుక్రవారం ఫ్లైఓవర్ కింద కారు ఆపి, ఎడమ వైపు ముందు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. శ్రీవాణి నీళ్ల సీసా పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. అతను తప్పుకోలేదు.

"బిడ్డా, ఈ సీట్ల కూసోకు." ఎప్పుడూ మేడం అనేవాడు, ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. "నేను కూసోనియ్య."

అప్పటికి మిగతా ముగ్గురూ వచ్చారు. బీరన్న తలుపు తీసి మూత లాగి చూపించాడు. గుడ్డల ఉండను బయటికి తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. బెల్టు గుంజి చూపించాడు. ఇది వెనక్కి తిప్పింది తనే అని, అది తన తప్పని కూడా చెప్పాడు. అక్షిత ఫోను తీసి ఫోటో కొట్టింది. శ్రీవాణి గుడ్డలను చూస్తూ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

రామచంద్రయ్య సారు గడియారం చూశాడు. ఇన్నాళ్లు ఏమీ కాలేదు, ఈ ఒక్క రోజుకు ఏమవుతుందన్నాడు. తొమ్మిదికి ముఖం చూపించకపోతే నలుగురికీ సగం రోజు పోతుందన్నాడు. మెల్లగా పోతే బ్యాగుతో పనేముందన్నాడు. అన్నీ న్యాయంగానే వినిపించే మాటలే.

"సరే సారు," అన్నాడు బీరన్న. "అమ్మ ఎనక కూసుంటది. మీరు ముందు కూసోండి."

తలుపు ఇంకా వెడల్పుగా తెరిచి, చేయి చాపి, మర్యాదగా పక్కకు జరిగాడు. సారు ఒక కాలు ముందుకు వేశాడు. గుడ్డల ఉండ ఆయన ఛాతీ ఉండాల్సిన చోటికి ఎదురుగా ఉంది. సారు ఆగి, కళ్లజోడు తీసి అంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎంతసేపు తుడిచినా ఆయనకు తృప్తి కలగలేదు. శ్యామలమ్మ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

ఫోను చేసింది సారే. నాగరాజు పది నిమిషాల్లో మోటారుసైకిలు మీద వచ్చాడు. మూత తెరిచి ఉండటం చూసి ముఖం ఎర్రబడింది. అయినా టీచర్ల ముందు గొంతు తగ్గించి, బీరన్నను స్తంభం వెనకకు తీసుకుపోయాడు. డ్రైవరు పని బండి నడపడమని, విప్పి చూడటం కాదని చెప్పాడు. ఈ బండి కోసం పదిమంది అడుగుతున్నారని చెప్పాడు. గొర్లు కాసుకునేవాడిని పిలిచి స్టీరింగు చేతికిస్తే తనకే ఎదురు తిరిగాడని కూడా అన్నాడు. బీరన్న అన్నీ విన్నాడు. తాళం చెవి పిడికిట్లో ఉంది.

"గొర్లు కాసేటోన్ని, నిజమే. రోగమొచ్చిన గొర్రెను మంచిదని ఎన్నడు ఎవ్వలికి అమ్మలేదు సేటు."

నాగరాజు ఏదో అనబోయి, అక్షిత ఫోను ఇటువైపే ఉండటం చూసి మింగేశాడు. తిరిగి కారు దగ్గరికి వచ్చి గొంతు మార్చాడు. ఇంత చిన్నదానికి పంచాయితీ ఎందుకు, ముందు సీటు ఖాళీగా ఉంచితే సరిపోతుంది కదా అన్నాడు. ముగ్గురు ఆడవాళ్లు వెనక కూర్చుంటారు, బ్యాగులు పెట్టించేదాకా ఎవరో ఒకరు బస్సులో వస్తారు.

అందరికీ అది బాగుందనిపించింది. రామచంద్రయ్య సారు కళ్లజోడు పెట్టుకుని, బస్సులో తనే వస్తానన్నాడు. ఆలస్యమైతే హెడ్‌మాస్టరుకు తను చెప్పుకుంటానన్నాడు. వాంతి అవుతుందని శ్రీవాణిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అక్షిత తన సంచిని ఒళ్లో పెట్టుకుని నడుమ సర్దుకుంది. శ్యామలమ్మ నిమ్మకాయ ఒకటి తీసి శ్రీవాణి చేతికిచ్చింది.

"ఇగ అయిపాయె గద," అన్నాడు నాగరాజు. "నీ మాటే నెగ్గింది. ఎక్కు, టైమైతాంది."

బీరన్నకు కూడా గుండె తేలికైంది. గెలిచానని అనిపించింది. యాభై ఏళ్లు దాటిన వయసులో మొదటిసారి ఒకరికి ఎదురు చెప్పి, చెప్పింది చేయించుకున్నాడు. గబగబా తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. రోజూ చేసినట్టే కుడి భుజం మీదుగా బెల్టు అందుకున్నాడు. అందుకున్న చేయి, నిన్నటి నుంచి అలవాటు పడిందేమో, మణికట్టు తిప్పి ఒక్క గుంజు గుంజింది.

బెల్టు జారుకుంటూ వచ్చింది.

వదిలాడు. మళ్లీ గుంజాడు. జారింది. స్టీరింగు నడుమ, హారను మీద బొటనవేలు పెట్టి పక్కకు నొక్కాడు. అంచు లోపలికి దిగింది. రెండూ లేవని ఐలేశం నిన్న చెప్పాడు. ఈ చెవులతోనే విన్నాడు. ఇంటికి పోయేదాకా, తెల్లారేదాకా ఎడమ సీటు గురించే ఆలోచించాడు. తను కూర్చున్నది కూడా అలాంటి సీటేనని ఒక్కసారైనా తోచలేదు. ఈ కారు చేతికి వచ్చినప్పటి నుంచి పొద్దున, సాయంత్రం, ఈ ఉత్త మూతకే ఎదురుగా, ఈ తెగిన తాడే భుజాన వేసుకుని కూర్చున్నాడు.

ఇంజను ఆపి కిందికి దిగాడు.

"మళ్లేంది?" అన్నాడు నాగరాజు.

"మరి నేను?"

"నువ్వేంది?"

"నేను గూడ ముందు సీట్లనే కూసుంటున్న గద సేటు."

పైన ఫ్లైఓవర్ మీద విజయవాడ లారీలు పోతున్న చప్పుడు వినిపించింది. వెనక కూర్చున్న ముగ్గురూ, బస్సు కోసం నిలబడ్డ సారూ డ్రైవరు సీటు వైపు చూశారు. రోజూ కళ్ల ముందు ఉండే సీటే అది. అందులో ఒక మనిషి కూర్చుంటాడని వాళ్లు అప్పుడే గుర్తించినట్టు చూశారు. బీరన్న వాళ్లను తప్పుపట్టలేకపోయాడు. తనకే ఇప్పుడు తెలిసింది.

మొదట శ్రీవాణి తలుపు తీసుకుంది. సీటు అంచు పట్టుకుని బరువుగా దిగి, బీరన్న పక్కకు వచ్చి నిలబడింది. "నేను గూడ బస్సులనే పోత," అంది. ఆమె వెనకనే అక్షిత, శ్యామలమ్మ దిగారు. బ్యాగులు, బెల్టులు పెట్టించి ఐలేశంతో కాగితం రాయించి తెచ్చేదాకా ఈ కారు వద్దని, సగం రోజు పోతే పోనిమ్మని శ్యామలమ్మ నాగరాజుతో చెప్పింది. రామచంద్రయ్య సారు గడియారం చూసుకోలేదు.

మోత్కూర్ బస్సు మలుపు తిరిగి ఆగింది. కండక్టరు శ్రీవాణిని చూసి ముందు సీట్లో కూర్చున్నతన్ని లేపాడు. నలుగురూ ఎక్కారు. వాళ్ల వెనక ఇంకా జనం ఎక్కుతూనే ఉన్నారు.

"రేపటి సంది రాకు," అన్నాడు నాగరాజు.

"వస్త," అన్నాడు బీరన్న. తాళం చెవిని కారు పైకప్పు మీద పెట్టాడు. "రోజొస్త. పెట్టిచ్చినవా అని అడుగుత. పెట్టిస్తే నడుపుత. పెట్టియ్యకుంటే ఈడనే నిలబడి, ఎక్కేటోళ్లకు మూత తీసి సూపిస్త. నీ బండిని నువ్వు ఏం జేసుకుంటవో నీ ఇష్టం."

నాగరాజు చుట్టూ చూశాడు. టీకొట్టు దగ్గర జనం ఇటే చూస్తున్నారు. తన మోటారుసైకిలును అక్కడే వదిలి, తాళం చెవి తీసుకుని కారులో కూర్చున్నాడు. కారును ఫ్లైఓవర్ కింద వదిలిపోవడానికి లేదు. బెల్టు లాగి చూసి వదిలేశాడు. స్టీరింగు నడుమ ఊడిన అంచును కొంచెంసేపు చూశాడు. తర్వాత వంగి, సీటును వెనక్కి, ఇంకా వెనక్కి, ఆఖరి గాటు దాకా జరుపుకున్నాడు. చేతులు బారచాచి స్టీరింగును అంత దూరం నుంచి పట్టుకుని, మొదటి గేరులోనే, రోడ్డు అంచున అడుగులు లెక్కపెడుతున్నట్టు కదిలాడు.

బీరన్న కదలకుండా చూస్తూ నిలబడ్డాడు. నాగరాజు వీధి మలుపు ఇంకా చేరనే లేదు. బస్సు హారను కొట్టుకుంటూ కారును దాటి మోత్కూర్ రోడ్డు ఎక్కింది.